చప్పుడు లేని కీబోర్డు

కొత్త కీబోర్డు డబ్బా మంచం కింద, పిల్లాడి పాత బట్టల మూట వెనక దాక్కుని ఉందన్న సంగతి మా అత్తయ్యకి ఇంకా తెలియదు. మా ఆయనకి తెలుసు. “చేతులు నీవి, ఉద్యోగం నీది, ఇష్టం నీది. మా అమ్మతో మాత్రం నువ్వే మాట్లాడుకో,” అని నవ్వేసి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని లిఫ్టుల రిపేరుకి వెళ్ళిపోయారు. షాపు అన్న ఇచ్చిన గడువు ఈ సాయంత్రంతో సరి. “కీల మీదున్న ప్లాస్టిక్ తొడుగు తీయకుండా వాడి చూడమ్మా. నచ్చకపోతే షాపు కట్టేలోపు తెచ్చెయ్, డబ్బు తిరిగిచ్చేస్తా. తొడుగు చింపావంటే మాత్రం అది నీదే,” అన్నాడు. ఆ డబ్బు నేను పిల్లాడి పేరు చెప్పి పోగేసుకున్నది. ఒక్క కీబోర్డుకి అంతా ఊడ్చిపెట్టడమా అని ఆలోచించి ఆలోచించి నా బుర్ర వేడెక్కిపోయింది.

సూపర్‌వైజరు మేడం పెట్టిన పరీక్ష కూడా ఈ రోజే. “ఇవాళ్టి క్లాసులో మళ్ళీ నీ టకటకలు వినబడితే రేపటి నుంచి ఇంకొకరికి ఇచ్చేస్తాను. నన్నేమీ అనుకోకు,” అని ఫోన్లో చెప్పి పెట్టేసింది.

నేను చేసేది చెవులు వినపడని పిల్లల కోసం టైపు. ఏసీలూ ఫ్రిజ్‌లూ బాగుచేయడం నేర్పే కాలేజీలో మాస్టారు పాఠం చెబుతుంటారు. నేను ఇక్కడ, మా ఇంట్లో, ఆ పాఠం వింటూ మాట మాటా టైపు చేస్తాను. అది అక్కడ గోడ మీది తెరపై అక్షరాలై పరుగెడుతుంది. వినపడనివాళ్ళు చదువుకుంటారు. వినపడేవాళ్ళూ ఉన్నారు ఆ క్లాసులో. వాళ్ళతోనే వచ్చింది చిక్కు. మాస్టారి మాట అర్థం కాకపోతే వెంటనే అడగాలి కాబట్టి నా మైకు తెరిచే ఉంచాలన్నది రూలు. అందుకని నా కీబోర్డు మోత క్లాసు గదంతా వినబడుతుంది. “పాఠం వింటున్నామా, పెంకుటింటి మీద వడగళ్ళు వింటున్నామా?” అన్నాడట ఒకడు.

నా చెయ్యి అలాంటిది. నేర్పినావిడ అలాంటిది. మా అత్తయ్య టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. అందరూ టైపు టీచరమ్మ అంటారు. పదో తరగతి మధ్యలో చదువు ఆగిపోయి, ఏం చేయాలో తెలియక ఆవిడ దగ్గర చేరాను. మెషీన్ మీద నేర్చుకున్న చెయ్యి కీని తాకి ఊరుకోదు, అడుగంటా కొడుతుంది. “అక్షరం కాగితానికి అవతలివైపు తేలాలి!” అని అరిచేది. ఆ తర్వాత నన్నే కోడల్ని చేసుకుంది. మెషీన్లన్నీ తూకానికి అమ్మేసిన రోజు, ఆ డబ్బుతో నాకొక కీబోర్డు కొనిచ్చింది. అదే ఈ పాతది. నేను దాని మీద పనిచేస్తుంటే ముందు గదిలో కూర్చుని బట్టలు మడతపెడుతూ వింటుంది. “ఎడమ చిటికెన వేలు బద్ధకిస్తోందే!” అని అక్కణ్ణించే కేకేస్తుంది. వెనక్కెళ్ళి చూసుకుంటే అక్కడే తప్పు ఉంటుంది. అవి చెవులు కావు.

ఆ చెవులకి తెలియకుండా, ఇవాళ డబ్బా బయటికి తీశాను.

అబ్బ, ఏం బరువు! ఇనుప ఒళ్ళు, కింద మెత్తటి రబ్బరు పాదాలు. పాతదాన్ని తీసి అలమరలో పెట్టి, దీన్ని బల్ల మీద ఉంచాను. బల్లని ఆనుకునే మా వాడి మంచం. ఆనుకుని అంటే మామూలుగా కాదు. ఈ గదిలో బల్లా మంచమూ రెండూ పట్టక, మా ఆయన మంచానికి ఒక పక్క అడ్డు ఊడదీసి, మంచం చెక్కని నా బల్లకే బోల్టులు వేసి బిగించారు. నేను టైపు చేస్తుంటే చెయ్యి చాపినంత దూరంలో వాడు పడుకుని ఉంటాడు. ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. రెండో చెవి వాడికి.

అంత మోత పక్కనే మోగినా కిక్కురుమనకుండా నిద్రపోతాడు. అందుకే వాడికి కుంభకర్ణుడని పేరు పెట్టింది మా అత్తయ్య. “టైపు ఇన్‌స్టిట్యూట్ వంశం! వీడికి అదే జోలపాట,” అని వాకిట్లోకి వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోతుంది. చూసినవాళ్ళు నాతో, “ఎంత పెట్టి పుట్టావమ్మా, మా ఇంట్లో చెంచా పడినా లేస్తారు,” అంటారు. నేను మాత్రం అప్పుడప్పుడూ, “పిలిస్తే తిరగడం లేదత్తయ్యా,” అనేదాన్ని. నా మాట ఎవరు వింటారు? వాడు పాలు కక్కితే ఆసుపత్రికి పరిగెత్తినదాన్ని. అక్కడి డాక్టరమ్మ తుడవమని తువ్వాలు చేతికిచ్చి పంపింది. గాఢంగా నిద్రపోతుంటే భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, లేపి ఏడిపించినదాన్ని. “నీకు అన్నీ భయాలేనే. ఊరికే పరిగెత్తకు,” అనేది అత్తయ్య. నిజమే కాబోలు అనుకుని నోరు మూసుకునేదాన్ని.

క్లాసు మొదలైంది. మాస్టారు కంప్రెసర్ గురించి ఎత్తుకున్నారు. నేను వేళ్ళు పెట్టాను.

ఎలా చెప్పను! వెన్నలో వేలు దిగినట్టు దిగింది కీ. దిగి, తనే వేలిని మెల్లగా పైకి లేపింది. చప్పుడు లేదు. నా ఊపిరి నాకే వినబడుతోంది. మణికట్టులో రోజూ ఉండే సలుపు ఏమైపోయిందో తెలియలేదు. మాస్టారి కంటే ముందే నా వేళ్ళు పరుగెడుతున్నాయా అనిపించింది. కాస్సేపటికి తెర పక్కన ఒక విద్యార్థి రాసింది కనిపించింది: “అక్కా, ఇవాళ మీరు ఎగురుతున్నారు!” ఆ అమ్మాయి వినపడని వాళ్ళలో ఒకతి. క్లాసులో అందరూ ఆమెని స్క్రూడ్రైవర్ అని పిలుస్తారు, ఎప్పుడూ జడలో ఒకటి దోపుకుని ఉంటుందట. నాకు కళ్ళు చెమర్చాయి. ఇది ఉంచుకోవాలి. ఎంతైనా సరే, ఉంచుకోవాలి.

అప్పుడే మంచం మీద కదలిక. వాడు కళ్ళు తెరిచి పైకప్పు చూస్తున్నాడు. క్లాసు మధ్యలో వాడెప్పుడూ లేవలేదు. పెదవి వంకర తిరుగుతోంది. ఎడం చేత్తో వాడి పొట్ట మీద రెండుసార్లు తట్టి, మళ్ళీ కీల మీదికి వచ్చాను.

ముందు గదిలోంచి చెప్పుల చప్పుడు. గుమ్మంలో అత్తయ్య.

“ఏమే, కరెంటు పోయిందా? ఒక్క దెబ్బా వినబడదేం? క్లాసు ఎగ్గొట్టి కూర్చున్నావా?”

మైకు తెరిచి ఉంది. నేను తల అడ్డంగా ఊపాను, కళ్ళతో బతిమాలాను. ఆవిడ చూపు నా చేతుల కిందికి దిగింది. ఆగిపోయింది.

“ఏమిటది?”

చేతులు ఆపితే తెర ఆగిపోతుంది. ఆపలేదు.

“నేను కొన్నది ఏది? ఎక్కడ పారేశావ్? ఇంత డబ్బు పోసి ఈ రుబ్బురాయి కొన్నావా? ఇది టైపింగా, పిండి పిసకడమా? పిల్లాడి డబ్బేనా ఇది? నోరు పెగలదేం?”

ఆవిడ నేర్పిన మొదటి పాఠమే నా కొంప ముంచింది. “విన్నది వేళ్ళలోకి పోవాలి, బుర్రలోకి కాదు,” అని బెత్తంతో బల్ల మీద కొట్టి మరీ నేర్పింది. ఇయర్‌ఫోన్ ఉన్న చెవిలోంచి మాస్టారు, లేని చెవిలోంచి అత్తయ్య. నా వేళ్ళకి తేడా తెలియలేదు. తెర మీద చూసేసరికి ఇలా ఉంది: “కంప్రెసర్ లోపల గ్యాసు ఒత్తిడికి గురై ఇంత డబ్బు పోసి ఈ రుబ్బురాయి కొన్నావా ఇది టైపింగా పిండి పిసకడమా పిల్లాడి డబ్బేనా ఇది.”

మైకులోంచి వినపడేవాళ్ళకి వినబడింది. నా వేళ్ళలోంచి వినపడనివాళ్ళకి కనబడింది. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు దగ్గి, “ఏమ్మా, ఇంట్లో ఒత్తిడి కంప్రెసర్ కంటే ఎక్కువున్నట్టుంది. పది నిమిషాలు ఆగుదాం,” అన్నారు.

మైకు ఆపేశాను. “అయిపోయింది అత్తయ్యా. అంతా అయిపోయింది. ఇవాళ ఒక్కరోజు చప్పుడు లేకుండా ఉంటే చాలని మేడం చెప్పింది. నా పని పోయినట్టే.”

“నన్ననకు. దొంగచాటుగా తెచ్చిందెవరు?”

“మీకు చెబితే ఒప్పుకుంటారా?”

“ఎందుకు ఒప్పుకోను? అడిగి చూశావా? మెషీన్లమ్మి కొనిచ్చినది పనికిరాదని దీన్ని తెచ్చావు. మంచి చేతికి ఏ కీబోర్డైనా ఒకటేనే. చెయ్యి సరిగ్గా లేనివాళ్ళకి కావాలి ఈ సోకులు.”

ఇంతలో వాడు గుక్కపట్టాడు. ఎప్పుడూ లేనంతగా. నేను ఎత్తుకోబోతే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ మొహం మీద గెలిచిన నవ్వు.

“చూశావా? అలవాటైన చప్పుడు లేక లేచి కూర్చున్నాడు. వాడి జోలపాట నువ్వు ఎక్కడో దాచిపెట్టావు. ఉండు, నేను చూపిస్తా.”

అలమర తెరిచి వెతికి పాత కీబోర్డు తీసింది. స్టూలు లాక్కుని వాడి తల దగ్గరే కూర్చుని, ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా వాయించింది. అబ్బ, ఎన్నాళ్ళకి విన్నాను ఆ చెయ్యి! గదంతా దద్దరిల్లిపోయింది.

వాడు ఏడుస్తూనే ఉన్నాడు.

“ఏరా కుంభకర్ణా, నీ పాటే కదరా ఇది?” ఇంకా గట్టిగా కొట్టింది. వాడి చెవి పక్కనే. వాడు తల కూడా తిప్పలేదు.

“ఒళ్ళో సరిగ్గా కుదరడం లేదు,” అని గొణుగుతూ లేచి, నా కొత్తదాన్ని పక్కకి నెట్టి, పాతదాన్ని బల్ల మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టింది.

ఏడుపు ఆగిపోయింది. కుళాయి కట్టేసినట్టు.

“చెప్పానా!” అంది.

నేను వాడి చెయ్యి చూస్తున్నాను. చిన్న అరచెయ్యి, వేళ్ళన్నీ విచ్చుకుని, బల్లకి బిగించిన చెక్క మీద బోర్లా ఆనించి ఉంది. కళ్ళు అరమూతలు పడుతున్నాయి.

“అత్తయ్యా. ఒకసారి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కొట్టండి.”

“ఎందుకు?”

“కొట్టండి.”

ఎప్పుడూ ఆవిడతో అలా మాట్లాడలేదు. ఆవిడ నా మొహం చూసి, మారుమాట లేకుండా ఒళ్ళో పెట్టుకుని కొట్టింది. వాడి కళ్ళు తెరుచుకున్నాయి. పెదవి వంకర తిరిగింది. ఏడుపు.

“ఇప్పుడు బల్ల మీద.”

ఏడుపు ఆగింది.

నేను వాడిని మంచం మీంచి ఎత్తి గుండెకి హత్తుకున్నాను. “కొట్టండి.” అత్తయ్య బల్ల మీదే, అంతే గట్టిగా కొట్టింది. చెక్కకి తగలకుండా నా చేతుల్లో ఉన్న వాడు ఏడుస్తూనే ఉన్నాడు.

ఆవిడ చేతులు కీల మీదే నిలిచిపోయాయి. నెమ్మదిగా లేచి, నా వెనక్కి వచ్చి, నా భుజం మీదున్న వాడి చెవి దగ్గర నోరు పెట్టి, ఒకప్పుడు గదినిండా మెషీన్లని ఒక్క కేకతో ఆపేసిన ఆ గొంతుతో వాడి పేరు పిలిచింది. నా గుండె ఝల్లుమంది. వాడు ఉలిక్కిపడలేదు. నా జడ నోట్లో పెట్టుకున్నాడు.



“జలుబు చేసి ఉంటుంది,” అంది అత్తయ్య. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు. “చెవుల్లో గులిమి ఉన్నా ఇలాగే... మగపిల్లలు కొంచెం ఆలస్యంగా...”

“నేను చెప్పాను అత్తయ్యా.”

“ఏం చెప్పావ్?”

“పిలిస్తే తిరగడం లేదని చెప్పాను. మీతో చెప్పాను, ఆయనతో చెప్పాను. వాకిట్లో నిలబడిన అందరితోనూ చెప్పాను. మీరు నవ్వారు.”

“నవ్వాను,” అంది. స్టూలు మీద కూలబడింది. “నువ్వు అన్నిటికీ భయపడతావు కదే. ఇది కూడా అలాంటిదే అనుకున్నాను. ముందు గదిలో కూర్చుని నీ చిటికెన వేలు తప్పు పట్టాను. ఈ చెవులతోనే. నా మనవడి చెవులు...” మాట మధ్యలో తుంచేసి కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

నాకు ఆవిడ మీద కోపం రావాలి. రాలేదు. నేను మాత్రం? రోజూ వినపడనివాళ్ళ కోసం వేళ్ళు అరగదీసుకుంటున్నాను. చెయ్యి చాపినంత దూరంలో పడుకున్నవాడు వినడం లేదని, చెక్క వణికితే జోకొట్టించుకుంటున్నాడని కనిపెట్టలేకపోయాను. ఆ మోత ఆగకపోయి ఉంటే ఇంకెన్నాళ్ళు మురిసిపోయేవాళ్ళమో.

ఇయర్‌ఫోన్‌లో గరగరలాడింది. మాస్టారు తిరిగి వస్తున్నారు.

కొత్త కీబోర్డుని దగ్గరికి లాక్కుని, వైరు చుట్టడం మొదలుపెట్టాను.

“ఏం చేస్తున్నావ్?”

“వాపసు ఇచ్చేస్తాను. సాయంత్రం దాకా టైముంది. చెవుల డాక్టరుకి డబ్బు కావాలి కదా.”

“ఇచ్చేసి? పాతదానితో కొట్టి, ఈ పని కూడా పోగొట్టుకుంటావా?”

“మీరే కదా అన్నారు, మంచి చేతికి ఏదైనా ఒకటేనని.”

“అన్నాను. నా నోటికేం, సవాలక్ష అంటుంది. డాక్టరు ఒక్కసారి చూసి పొమ్మంటాడా? మళ్ళీ రమ్మంటాడు. మళ్ళీ మళ్ళీ రమ్మంటాడు. ప్రతిసారీ కీబోర్డు వాపసిస్తావా?” అత్తయ్య లేచింది. నా చేతిలోంచి వైరు విడిపించింది. “అటు జరుగు.”

“వద్దు అత్తయ్యా, ఆ తొడుగు...”

చర్రుమంది. ఒక మూల గోరుతో పట్టి, ఒక్క లాగుడు లాగేసింది. కొత్త కీబోర్డు నల్లగా, నున్నగా, బట్ట లేని పసిబిడ్డలా బయటపడింది. ఆవిడ ప్లాస్టిక్ తొడుగుని ఉండచుట్టి మూలకి విసిరింది.

“ఇక షాపువాడు తీసుకోడు. కూర్చుని టైపు చెయ్.” నా దగ్గర్నుంచి పిల్లాడిని అందుకుంది. “ఒక్కటి గుర్తుంచుకో. ఇక నీ తప్పులు నాకు వినబడవు. నీకు నువ్వే చూసుకోవాలి.”

మైకు తెరిచాను. మాస్టారు గొంతు, గ్యాసు, ఒత్తిడి, పైపు. వేళ్ళు పడుతున్నాయి, కళ్ళలో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఎప్పుడు వాడు మళ్ళీ గుక్కపడతాడో అని భుజాలు బిగపట్టుకుని కూర్చున్నాను. ఏడుపు వినబడలేదు. ఓరకంట చూశాను.

అత్తయ్య వాడిని భుజాన వేసుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఎడమచెయ్యి వాడి వీపు మీద ఉంది. జోకొట్టడం లేదు. వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, చూపుడు వేలు. మళ్ళీ చిటికెన వేలు. నేను ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టిన రోజు ఆవిడ నా చేత కొట్టించిన మొదటి వరస. ఏ, ఎస్, డి, ఎఫ్. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. వాడి కళ్ళు మూతలు పడుతున్నాయి.

క్లాసు అయిపోయింది. ఒక్క టకటక వినబడలేదు. వినబడకూడనిది మాత్రం ముందే వినబడిపోయింది. మాస్టారు వెళ్ళిపోయారు. తెర పక్కన స్క్రూడ్రైవర్ రాసింది: “అక్కా, మీ రుబ్బురాయి క్షేమమా? మీ అత్తగారికి మా నమస్కారాలు!” కింద ఇంకొందరి నవ్వులు.

నేను మామూలుగా ఒక నమస్కారం పెట్టి మూసేస్తాను. వాళ్ళతో సొంత మాటలు మాట్లాడకూడదని కూడా రూలుంది. వేళ్ళు కీల మీద ఆగాయి. ఈ ప్రశ్న ఇంకెవరిని అడగను? వాకిట్లో వాళ్ళని అడిగితే నవ్వుతారు.

రాశాను: “మీకు వినపడదని మీ అమ్మకి మొదట ఎలా తెలిసింది? మా బాబుకి పది నెలలు. ఇవాళే తెలిసింది నాకు. ఏం చేయాలో చెప్పండి.”

చప్పుడు లేకుండానే వెళ్ళిపోయింది ఆ వాక్యం. తెర పక్కన నవ్వులు ఆగిపోయాయి. ఒకరు రాస్తున్నట్టు గుర్తు కదిలింది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ.

అప్పుడే బల్ల మీద నా ఫోన్ మూగగా అదరడం మొదలుపెట్టింది. క్లాసు కోసం మోత ఆపి ఉంచాను. సూపర్‌వైజరు మేడం. ఆ రుబ్బురాయి మాట ఆమె దాకా వెళ్ళిపోయినట్టే. పని ఉందో పోయిందో ఆ ఫోన్లో ఉంది.

అత్తయ్య వాడిని మెల్లగా మంచంలో దించుతోంది. వాడి అరచెయ్యి చెక్కని తాకిందో లేదో, కళ్ళు టక్కున తెరిచాడు. తల తిప్పి, అదురుతున్న ఫోన్ వంక సూటిగా చూశాడు. అత్తయ్య నా భుజం పట్టుకుంది.

నేను ఫోన్ అందుకోబోయాను. అంతలో తెర మీద మొదటి జవాబు వచ్చి పడింది. స్క్రూడ్రైవర్ రాసింది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఏ మాట వద్దన్నారో, ఆ ఒక్క మాటే.

“పరిగెత్తండి.”